కూర్చోపేటలో కూర్చోని మనిషి

మా అక్క మొగుడి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అయినా రాస్తున్నాను. ఈ చుట్టుపక్కల రాయడం వచ్చినవాళ్ళకి అసలు సంగతి తెలియదు, సంగతి తెలిసినవాళ్ళకి రాయడం రాదు. రెండూ ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఐదో తరగతిలో దస్తూరికి మొదటి బహుమతి నాది. అప్పుడిచ్చిన ఇత్తడి సిరాబుడ్డి ఇప్పటికీ మా అల్మరాలో ఉంది. నమ్మకం లేనివాళ్ళు వచ్చి చూసుకోవచ్చు.

సంగతేమిటంటే, మా ఊరికి మైలున్నర దూరంలో, తారు రోడ్డులో మట్టి రోడ్డు కలిసే చోట ఇరవై మూడు ఇళ్ళ పేట ఒకటుంది. దాని పేరు కూర్చోపేట. కొత్తవాళ్ళు బస్సులో ఆ పేరు వినగానే ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుతారు. చదువుకున్నవాళ్ళయితే నవ్వరు, కారణం చెబుతారు. పట్నంనుంచి వచ్చిన ఒకాయన, పూర్వం ఎవరో రాజు వేటకి వచ్చి అలసిపోయి ఇక్కడ కూర్చున్నాడని ఏకంగా పత్రికలోనే రాసేశాడు. మా నేల నేను ఎరగనా? నీడకి నాలుగాకులున్న చెట్టు కూడా ఉండేది కాదక్కడ. రాజన్నవాడు కూర్చోదలచుకుంటే ఇంతకంటే మంచి చోటు దొరక్క కాదు.

అక్కడ మొదట కూర్చున్నది మా నాన్న. కూర్చోబెట్టింది మా బావ.

మా బావ సైకిళ్ళు, కుట్టుమిషన్లు, చేతిపంపులు, పొలం మోటార్లు బాగుచేస్తాడు. ఇప్పుడాయనకి ఎనభై, ఇప్పటికీ చేస్తున్నాడు. ఆయన పద్ధతి ఒకటే. వచ్చిన వస్తువుని ముందు మొత్తం ఊడదీస్తాడు. మీరు వెనక బ్రేకు వదులైందని సైకిలు తీసుకెళ్తారనుకోండి. ఆయన గోనెపట్టా పరుస్తాడు. మీరు "వెనక బ్రేకూ" అనేలోపు ముందు చక్రం చేతికి వచ్చేసి ఉంటుంది. చైను కిరోసినులో మునిగిపోతుంది. నట్లు, బోల్టులు, వాషర్లు, బేరింగు గుళ్ళు, అన్నీ గోనెపట్టా మీద పొడుగు పొట్టి వరసలో, బడిలో ప్రార్థనకి నిలబెట్టినట్టు నిలబడతాయి. అప్పుడు తలెత్తి మిమ్మల్ని చూసి ఒక మాటంటాడు.

"కూర్చోండి, అయిపోతుంది."

అయిపోవడం సంగతి తరవాత. కూర్చోవడం మాత్రం తప్పదు. సైకిలు గోనెపట్టా మీద నూటపదహారు ముక్కలై ఉంటే ఎక్కడికని పోతారు?

మిగతా మెకానిక్కులు కూడా ఊడదీస్తారు. వచ్చిన బేరం పక్క కొట్టుకి పోకుండా. మా బావకి ఆపాటి తెలివి లేదు, ఉంటే మా అక్క ఈపాటికి మేడ కట్టేది. పైగా పక్క కొట్టు ఎనిమిది మైళ్ళ దూరం. ఈయన ఊడదీసేది వేరే జబ్బుతో. లోపలేముందో చూడకుండా పైపైన బిగించి ఇస్తే, అబద్ధం చెప్పినట్టు ఉంటుందట. మీరు చెప్పిన రోగం ఒకటి, ఆయన కనిపెట్టిన రోగాలు ఆరు. ఆరూ కుదిరేదాకా బిగించడు. ఆయన చేతిలోంచి పోయిన వస్తువు మళ్ళీ ఆయన మొహం చూసిందని నేను వినలేదు. కొందరు మనుషులు కూడా మళ్ళీ ఆయన మొహం చూడదలచుకోలేదు గాని, అది వేరే సంగతి.

ఇక మా నాన్న.

యాభై ఏడేళ్ళ కిందట ఒక పొద్దున్న మా నాన్న పంక్చరు వేయించుకొస్తానని సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాడు. అప్పుడక్కడ ఒక రేకుల పాక, అందులో ఇరవై మూడేళ్ళ కుర్రాడు, అంతే. కూర్చోండి అన్నాడు. మా నాన్న బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు. మధ్యాహ్నానికి వానల గురించి మాట్లాడుకోవడం అయిపోయింది. మూడింటికి కులగోత్రాలు, పొలం పుట్రా అయిపోయాయి. ఐదింటికి ఇంక మాట్లాడటానికి ఏమీ మిగలక, మా నాన్న పిల్ల సంబంధం మాట్లాడాడు. చీకటి పడేవేళకి నడుచుకుంటూ ఇంటికొచ్చాడు.

"సైకిలేదీ?" అంది మా అమ్మ.

"అల్లుడి దగ్గరుంది."

"ఏ అల్లుడి దగ్గర?"

అప్పటికి మా ఇంట్లో అల్లుళ్ళెవరూ లేరు. మా అమ్మ వారం రోజులు మా నాన్నతో మాట్లాడలేదు. సైకిలు తొమ్మిదో రోజున వచ్చింది. దాని గంట మోగింది. కొన్నరోజు కూడా మోగని గంట అది. దాంతో మా అమ్మ కొంచెం మెత్తబడింది.

మా అక్కని మాత్రం ఎవరూ అడగలేదు. ఇప్పుడడిగితే, "అడిగినా ఏం లాభంరా, కూర్చోమనేవాడు," అంటుంది.

మా అక్క కాపురానికి వచ్చిన మర్నాడే పరిస్థితి గ్రహించింది. పాక ముందు తొమ్మిదిమంది మగవాళ్ళున్నారు. కొందరు డబ్బాల మీద, కొందరు రాళ్ళ మీద. ఒకడైతే తన సైకిలు సీటునే నేల మీద పెట్టుకుని దాని మీదే కూర్చున్నాడు. అందరూ నోళ్ళు ఎండబెట్టుకుని ఎటో చూస్తున్నారు. మా అక్క స్టవ్వు వాకిట్లోకి తెచ్చి టీ పెట్టింది. మొగుడు చేసిన ఆలస్యమంతా పెళ్ళాం గ్లాసుల్లో పోసి అమ్మింది. ఆలస్యం అమృతం విషం అంటారు పెద్దలు. ఆ పెద్దలు మా అక్క టీ తాగి ఉండరు.

తరవాత ఒక మంగలి వచ్చాడు. సైకిలు మీద ఊళ్ళు తిరిగి క్షవరాలు చేసే మనిషి. చైను తెగితే తెచ్చాడు. సైకిలు ముక్కలైపోయింది, చేతిలో కత్తెర పెట్టె మిగిలింది. ఊరికే ఉండలేక పక్కనున్నవాడి జుట్టు కత్తిరించాడు. సాయంత్రానికి ఆరు తలలయ్యాయి. రెండోరోజు తొమ్మిది. మూడోరోజు సైకిలు తయారయ్యేసరికి దాన్ని అక్కడే అమ్మేశాడు. "తలలే నడిచొచ్చి కూర్చుంటుంటే ఇంక సైకిలెందుకయ్యా," అన్నాడు. దర్జీ కథా అంతే. కుట్టుమిషను బాగుచేయించుకుందామని వచ్చి, బాగయ్యాక సరిగ్గా కుడుతోందో లేదో చూద్దామని పక్కవాడి చిరిగిన చొక్కా కుట్టి, ఆ మిషను మళ్ళీ కదపలేదు. ఒక రైతయితే మోటారు కోసం పద్దెనిమిది రోజులు తిరిగి తిరిగి, విసుగెత్తి ఎదురుగా గుడిసె వేసుకున్నాడు. మోటారు చేతికొచ్చాకైనా వెళ్ళాడా అంటే, లేదు. "ఇక్కడ కాలక్షేపం బావుంది," అన్నాడు. ఇప్పుడాయన మనవలు అక్కడే ఉన్నారు.

మొదట్లో దానికి పేరంటూ లేదు. ఎక్కడికిరా అంటే, "కూర్చో దగ్గరికి" అనేవాళ్ళు. ఇళ్ళు పెరిగాక చివర పేట తగిలించారు.

ఇందులో నా పాత్ర కూడా చెప్పాలి, లేకపోతే చరిత్రకి అన్యాయం చేసినవాణ్ణవుతాను. రెండుసార్లు వార్డు మెంబరుగా చేశాను, రెండోసారి ఎదురు నిలబడ్డవాడే లేడు. ఆ పేటకి కరెంటు స్తంభం తెచ్చింది నేను. దానికి పది అర్జీలు రాశాను. పదో అర్జీ చూసి ఇంజనీరు, "స్తంభం సంగతి తరవాత, ఈ అక్షరాలు ఎవరివయ్యా?" అని అడిగాడు. బస్సు ఆగేలా చేసింది నేను. మా దొడ్లో పడిపోయిన చెట్టు మానుని కోయించి, ఏడడుగుల బల్ల చేయించి బావ పాక ముందు వేయించింది కూడా నేనే. దాని మీద నా పేరు చెక్కించాను. నలభై ఏళ్ళుగా జనం దాని మీద కూర్చుని కూర్చుని అక్షరాలన్నీ అరగదీశారు. ఇప్పుడు మొదటక్షరం సగం, చివర సున్నా మిగిలాయి. నేను ఎవరినీ ఏమీ అనలేదు. దానం చేసినవాడు నోరు మూసుకోవాలి.

అంతా సవ్యంగా జరుగుతుండగా, రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం మా బావ మా ఇంటికొచ్చాడు. పదేళ్ళయింది ఆయన మా గడప తొక్కి. నడిచే వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కూర్చో బావా," అన్నాను.

ఆ మాటకి నన్నలా చూశాడు, నేనేదో తిట్టినట్టు.

"బామ్మర్దీ, నువ్వు కూడానా?"

ఏమైందో లాగి లాగి చెప్పించాను. ఆ పొద్దున్న చేతిపంపు రాడ్డు భుజం మీద వేసుకుని రోడ్డు దాటుతున్నాడట. బస్సు ఆగింది. కిటికీలోంచి ఎవడో తల బయట పెట్టి, "తాతా, ఈ పేటకి ఎవడో సోమరిపోతు వల్ల ఈ పేరొచ్చిందటగా, ఇప్పటికీ ఉన్నాడా?" అని అడిగాడట. ఈయన భుజం మీద మణుగు ఇనుముంది. జవాబు చెప్పేలోపు బస్సు వెళ్ళిపోయింది.

"యాభై ఐదేళ్ళలో నేనొక్కపూట కూర్చున్నానా బామ్మర్దీ? నువ్వు చూశావా?"

ఆలోచిస్తే, నేను చూడలేదు. గొంతుక్కూర్చుంటాడు, వంగుంటాడు, నిలబడతాడు. టీ కూడా ఒక చేత్తో పానా తిప్పుతూనే తాగుతాడు. పేటలో కూర్చోనివాడంటూ ఉంటే ఈయనొక్కడే.

"నేను పోయినా ఆ పేరు పోదు. బస్సు దిగిన ప్రతివాడూ నన్ను సోమరి అనుకుంటూనే ఉంటాడు. నువ్వు అర్జీలు రాస్తావు కదా. పేరు మార్పించు. ఇంకేదైనా సరే."

కళ్ళలో నీళ్ళు లేవు గాని, చేతిలో పని లేదు. ఆయన చేతులు ఖాళీగా వేలాడటం నేనెప్పుడూ చూడలేదు. నాకది ఎక్కువ బాధనిపించింది. సరేనన్నాను. ఇంకేదైనా అన్నాడు కాబట్టి, మా నాన్నగారి పేరు పెడితే బావుంటుందని నాకు తోచింది. ఇందులో స్వార్థం ఏమీ లేదు. ఆ పేటలో మొదట అడుగుపెట్టిన గిరాకీ ఆయనే కదా.

పదకొండో అర్జీ రాశాను. నాలుగు నెలలకి జవాబొచ్చింది. ఊళ్ళ పేర్ల పట్టిక ఎలాగూ కొత్తగా రాస్తున్నారట, సర్వేయరు స్వయంగా వచ్చి విచారించి, అక్కడికక్కడే పేరు ఖాయం చేస్తాడట.

కబురు విని మా అక్క నన్ను టీకొట్టుకి పిలిపించింది.

"నాన్న పేరు పెట్టిస్తున్నావటగా?"

"బావే అడిగాడక్కా."

"ఆయనకేం, ఇనుముతో మాట్లాడుకునే మనిషి. పేరులో ఏముందో ఆయనకి తెలుసా? నా పిల్లలు ముగ్గురు ఈ పేరు మీద పెరిగారు. కూర్చో అని ఉంది కాబట్టే వచ్చినవాడు కూర్చుంటున్నాడు. నాన్న పేరు పెడితే ఏం చేస్తాడు, దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు."

"అక్కా, బావ పరువు సంగతి కూడా చూడు."

"పరువు పోయిందని ఎవడో బస్సులోవాడు చెబితే నీకు తెలిసింది. యాభై ఐదేళ్ళనుంచి నేను చెబుతున్నాను, ఆయన పనిమంతుడని. ఒక్కడైనా రాసుకున్నాడా?"

అక్కతో వాదించి గెలిచినవాడు లేడు. వార్డు ఎన్నికల్లో ఆవిడ నా మీద నిలబడకపోవడం నా అదృష్టం.

సర్వేయరు వచ్చే రోజుకి నేను గట్టి ఏర్పాట్లే చేశాను. పేటలో అందరికీ కొత్త పేరు నేర్పాను. దర్జీకి రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. అన్నిటికంటే ముఖ్యం మా బావ చేతులు. పొద్దున్నే ఆయన పనిముట్ల పెట్టెకి తాళం వేసి తాళంచెవి నా జేబులో వేసుకున్నాను. సర్వేయరు మోటారు సైకిలు రాగానే దర్జీ వరండాలోకి తోయించి, దాని మీద దుప్పటి కప్పించాను, అది మా బావ కంట పడకుండా.

"బావా, ఇవాళ ఒక్కరోజు దేన్నీ ముట్టుకోకు. ఆయన ఇక్కడ కూర్చుంటే మన పని గోవిందా. నిలబెట్టే పంపించాలి."

"ముట్టుకోను."

"ఒట్టు?"

"ఒట్టంటే ఒట్టు." ఉతికిన చొక్కా వేసుకుని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

సర్వేయరు ముప్ఫై ఏళ్ళ కుర్రాడు. మంచివాడే, కాస్త తొందర మనిషి. మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, దాని మీద కొలిచే యంత్రం బిగించాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, రాసుకున్నాడు. "పేరేమిటన్నారూ?" అన్నాడు. మా నాన్నగారి పేరు చెప్పాను. పెన్సిలుతో రాశాడు కూడా. నా కళ్ళతో చూశాను. అక్షరాలు ఏమంత బాగా లేవు గాని, పేరు ఉంది.

"పదైంది. ఒక్క కొలత చూసుకుని, సిరాతో దిద్దేసి వెళ్ళిపోతాను," అన్నాడు.

అని, జేబులోంచి సిగరెట్టు పెట్టె అట్ట తీసి నాలుగు మడతలు పెట్టి, స్టాండు కాలి కింద దూర్చాడు.

మా బావ చూశాడు.

"అదేంటి బాబూ?"

"ఏం లేదు తాతా. ఈ కాలు కొంచెం జారుతుంది. అట్ట పెడితే సరిపోతుంది."

"ఎన్నాళ్ళనుంచి?"

"నాకిచ్చినప్పటినుంచీ ఇంతే. ఆరేళ్ళు."

ఆరేళ్ళనుంచి ఒక కాలు జారుతోంటే కింద అట్ట పెట్టి ఊళ్ళకి ఊళ్ళు కొలిచేస్తున్నాడీ కుర్రాడు. మా బావ మొహం చూస్తే నాకర్థమైపోయింది. ఎదురుగా మనిషి గుమ్మంలో పడి కొట్టుకుంటుంటే చేతులు కట్టుకుని నిలబడమన్నట్టుంది ఆయనకి. నేను దగ్గాను. జేబులో తాళంచెవి గలగలలాడించాను. ఆయన వెనక కట్టుకున్న చేతులు విడిపోయాయి, మళ్ళీ కట్టుకున్నాయి.

"బామ్మర్దీ, ఒక్క మరే."

"వద్దు బావా."

"మర బిగిస్తానంతే."

"బిగించడానికి నీ దగ్గరేముంది? పెట్టె తాళం నా దగ్గరుంది."

సరిగ్గా ఆ మాటకే మా అక్క టీకొట్టులోంచి దిగి వచ్చింది. ఒక చేతిలో సర్వేయరుకి టీ, రెండో చేతిలో స్క్రూడ్రైవరూ, చిన్న పానా. స్టవ్వు బిగించుకోవడానికి ఉంచుకుందట. టీ సర్వేయరుకిచ్చింది. మిగతావి మొగుడికిచ్చింది. నా వంక కన్నెత్తైనా చూడలేదు.

అర నిమిషం కూడా పట్టలేదు. సర్వేయరు మొదటి గుక్క మింగేసరికి యంత్రం దర్జీ బల్ల మీద ఉంది, స్టాండు గోనెపట్టా మీద ఉంది. మూడు కాళ్ళు మూడు పక్కల. మరలు, బిగింపులు, ఇత్తడి గొట్టాలు, తోలు పట్టీ, అన్నీ ప్రార్థనకి నిలబడ్డాయి.

"తాతా, ఏం చేశారు మీరు? అది సర్కారుది."

మా బావ తలెత్తాడు. ఎక్కడున్నాడో, ఏ రోజో, ఎవరికేం ఒట్టు పెట్టాడో, ఏదీ ఆయన మొహంలో లేదు.

"కూర్చోండి, అయిపోతుంది."

పేటంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. సర్వేయరు చుట్టూ చూసి, నా బల్ల మీద, నా పేరులో మిగిలిన సున్నా మీద కూర్చున్నాడు. పది గంటల పది నిమిషాలు.

కూర్చున్నవాణ్ణి మాట్లాడించడం ఆ పేట వృత్తి. పదకొండింటికి మంగలి వచ్చి తన చైను తెగిన కథ చెప్పాడు, మాటల మధ్యలో గడ్డం కూడా గీసేశాడు. దర్జీ వచ్చి కొత్త పేరు చెప్పబోయి, మర్చిపోయి, పాత పేరు చెప్పాడు. రైతు మనవడు తాత గుడిసె చూపించాడు. పన్నెండున్నరకి మా అక్క ఆయన పక్కన స్టూలేసుకుని కూర్చుని మా నాన్న, పంక్చరు, అల్లుడు, మొత్తం చెప్పేసింది. సర్వేయరు నవ్వి నవ్వి రెండో టీ ఒలకబోసుకున్నాడు. నేనొక్కణ్ణే స్తంభానికి ఆనుకుని నిలబడ్డాను. ఆ స్తంభం నేను తెచ్చిందే కాబట్టి, ఆనుకునే హక్కుంది.

నాలుగింటికి స్టాండు లేచి నిలబడింది. కాలి కింద అట్ట లేదు. మా బావ పక్కకి తప్పుకుని, చేతులు తుడుచుకుంటూ, "మూడు కాళ్ళూ మూడు రకాలుగా అరిగాయి. జారేది కాలు కాదు, పైన బిగింపు. ఇంక జారదు," అన్నాడు. సర్వేయరు యంత్రం బిగించి చూశాడు. మళ్ళీ చూశాడు. స్టాండుని చేత్తో ఊపి చూశాడు. కదల్లేదు.

"తాతా," అన్నాడు మెల్లిగా, "ఆరేళ్ళనుంచి నేను కొలిచినవన్నీ మళ్ళీ కొలవాలేమో."

"కొలుచుకో బాబూ. తొందరేముంది?"

అప్పుడాయన పుస్తకం తీసి, మా నాన్నగారి పేరు రబ్బరుతో చెరిపేశాడు. నా ఎదురుగానే. కూర్చోపేట అని సిరాతో రాశాడు. పేరుకి కారణం అనే గడి ఒకటుంటుందట. అందులో రాసింది పైకి చదివాడు: "ఇచ్చటి మెకానిక్కు పని సరిగ్గా పూర్తయ్యే వరకు వస్తువును వదలడు గనుక, తెచ్చినవారు కూర్చోవలసి ఉండును. నేనునూ కూర్చుంటిని."

మా బావ ఆ మాటలు రెండుసార్లు చదివించుకున్నాడు. లోపలికి వెళ్ళి ఉతికిన చొక్కా విప్పి, మాసిన చొక్కా వేసుకుని వచ్చాడు. పోనీలే, తృప్తిపడ్డాడు అనుకున్నాను.

ఏడాది తిరిగేసరికి రోడ్డు పక్కన బోర్డు వచ్చింది. నీలం రేకు మీద తెల్లక్షరాలు, కూర్చోపేట. అంతే. కారణం ఆఫీసులో ఫైల్లో ఉంది, పేరు మాత్రం రోడ్డు మీద ఉంది. మర్నాడు బస్సు ఆగింది. ఎవరో చదివి నవ్వారు. మా బావ ఆ నవ్వు విన్నాడు. నేనూ విన్నాను.

మూడోరోజు చూస్తే బోర్డు లేదు. రెండు ఇనప కాళ్ళే ఉన్నాయి. పాకలోకి వెళ్తే గోనెపట్టా మీద నీలం రేకు, పక్కన బోల్టులు, వాషర్లు, వరసగా.

"ఏమిటిది బావా?"

"బోల్టులు వదులుగా ఉన్నాయి. గాలికి ఊగుతోంది."

"బోల్టులు వదులైతే బిగించాలి గాని, బోర్డు పీకేస్తారా?"

"పైపైన బిగించి ఏం లాభం?" అని, ఒక డబ్బా తెల్ల రంగూ, కొత్త కుంచే నా ముందు పెట్టాడు. "బామ్మర్దీ, దస్తూరికి బహుమతి వచ్చిందని యాభై ఏళ్ళనుంచి చెబుతున్నావు. పేరు కింద ఆ కారణం రాయి. ఆ బాబు రాసింది రాసినట్టు."

ఆయన చేతిలో పని లేదు మళ్ళీ. కాదనలేకపోయాను. మా నాన్నగారి పేరు పోయిన బోర్డు మీద మా బావ గొప్ప నా చేత్తో రాయాల్సి రావడం కూడా రాసిపెట్టే ఉంది కాబోలు.

రేకుని బల్ల మీద పెట్టి మొదలుపెట్టాను. రేకు మీద రాయడం కాగితం మీద రాసినట్టు కాదు. మొదటి వరసలో ఒక గుడి వంకరొచ్చింది. కిరోసిను గుడ్డతో తుడిచేసి మళ్ళీ మొదలుపెట్టాను. వంకర అక్షరం పక్కన ఇంకో అక్షరం రాయడం నా వల్ల కాదు, ఐదో తరగతినుంచి నా పద్ధతి అంతే. మా బావ నా భుజం మీదుగా చూస్తూ నిలబడ్డాడు. ఆ కాలు మీద కాసేపు, ఈ కాలు మీద కాసేపు.

"ఇంకెంతసేపు బామ్మర్దీ?"

నేను తలెత్తలేదు. కుంచె రంగులో ముంచుతున్నాను. దేవుడి మీద ఒట్టు, కావాలని అన్నది కాదు.

"కూర్చో బావా, అయిపోతుంది."

మంగలి కత్తెర ఆగింది. దర్జీ మిషను ఆగింది. మా బావ అటూ ఇటూ చూశాడు. బల్ల మీద నేనూ బోర్డూ ఉన్నాం. మూల ఒక డబ్బా కనిపించింది. దాన్ని బోర్లించి, చేత్తో దుమ్ము తుడిచి, అదేదో కొత్త యంత్రం అయినట్టు కాసేపు చూసి, దాని మీద కూర్చున్నాడు.

మా అక్క టీకొట్టులోంచి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"కాపురానికొచ్చినప్పటినుంచి చూస్తున్నాను," అంది, "ఈయన మోకాళ్ళు ఇలా వంగుతాయని ఇవాళే తెలిసింది." లోపలికి వెళ్ళి టీ తెచ్చి ఆయన రెండు చేతుల్లో పెట్టింది. రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

ఆ రాత మూడు రోజులు పట్టింది. మూడు రోజులూ కూర్చున్నాడు. అక్షరాలు ఎలా వచ్చాయో నేను చెప్పుకోకూడదు, కుదిరితే వచ్చి చూడండి.

బోర్డు ఇంకా పైకెక్కలేదు. రాసిన రేకు బరువుకి పాత వాషర్లు చాలవట, కొత్తవి తనే కోస్తున్నాడు. ఈలోపు బోర్డు ఏమైందని ఆఫీసునుంచి కాగితమొచ్చింది. పన్నెండో అర్జీ రాసి పంపాను: పని జరుగుచున్నది, అధికారులు వేచియుండవలెను. బస్సు దిగినవాళ్ళు కూడా బోర్డేదీ అని అడుగుతున్నారు. బల్ల చూపిస్తున్నాను.